బెల్ట్ రెండుసార్లు మార్చాం, అయినా కారు కీచుమంటూనే ఉంది

ప్రశ్న: నమస్తే అండీ. మాది నరసరావుపేట. నేను టీచర్ని, స్కూలు ఇరవై కిలోమీటర్ల దూరం, రోజూ నేనే డ్రైవ్ చేసుకుని వెళ్తాను. పదకొండేళ్ల పాత చిన్న పెట్రోల్ కారు, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం. పొద్దున స్టార్ట్ చేయగానే కీఈఈచ్ అని ఒకటే అరుపు, రెండు మూడు నిమిషాలకి తగ్గుతుంది, లైట్లు వేసినా ఏసీ వేసినా మళ్ళీ మొదలు, వాన పడిన రోజు అయితే మరీ ఘోరం. బెల్ట్ రెండుసార్లు మార్చారు, మార్చిన వారం బాగుంటుంది, తర్వాత మామూలే. మెకానిక్ ప్రతిసారీ ఇంకొంచెం టైట్ చేసి పంపుతున్నాడు, ఇప్పుడు దానికి తోడు గుర్ర్‌మని ఇంకో సౌండ్ కూడా వస్తోంది. ఒకరు సబ్బు రాయమంటారు, ఒకరు స్ప్రే కొట్టమంటారు, మా వారేమో సౌండే కదా వదిలెయ్ అంటారు. ఈ మధ్య పొద్దునపూట సెల్ఫ్ కూడా కాస్త బరువుగా తిరుగుతోంది, అది వేరే సంగతి అనుకోండి. వచ్చే నెల శ్రీశైలం వెళ్దామనుకుంటున్నాం, ఈ కారులో వెళ్లొచ్చా?

సమాధానం:

టీచర్ గారూ, నమస్తే. సెల్ఫ్ బరువుగా తిరుగుతోంది, అది వేరే సంగతి అని పక్కన పెట్టేశారు చూడండి, నాకైతే అది వేరే సంగతి కాదు, బహుశా అసలు సంగతే అది అనిపిస్తోంది. ఎందుకో చెప్తాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి, ఇప్పటికే రెండు బెల్ట్‌లకి డబ్బులు పెట్టారు కదా, మూడోది కొనే ముందు ఈ కాస్త తెలిస్తే మంచిది.

బానెట్ ఎత్తితే ఇంజన్‌కి ఒక పక్కన నల్లగా, పలకలాగా, లోపలి వైపు నిలువు గీతలున్న రబ్బరు బెల్ట్ కనపడుతుంది. ఫ్యాన్ బెల్ట్ అన్నా, డైనమో బెల్ట్ అన్నా మన మెకానిక్కులు చెప్పేది దీన్ని గురించే. కింద ఇంజన్ తిప్పే క్రాంక్ పుల్లీ (గాడులున్న చక్రం) తిరుగుతుంటే ఆ తిరుగుడుని ఈ బెల్ట్ పైకి తీసుకెళ్లి కారుకి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌ని తిప్పుతుంది (మనవాళ్ళు ఇప్పటికీ డైనమో అంటారు), చాలా కార్లలో ఇంజన్‌ని చల్లబరిచే వాటర్ పంపుని కూడా ఇదే తిప్పుతుంది, ఏసీ కంప్రెసర్‌కి కొన్నిట్లో ఇదే బెల్ట్ ఉంటుంది, కొన్నిట్లో వేరే బెల్ట్ ఉంటుంది. అరుపు ఎక్కడ పుడుతుందంటే బెల్ట్ పుల్లీ మీద పట్టు తప్పి జారినప్పుడు. రబ్బరు ఇనుము మీద జారితే అరవక ఏం చేస్తుంది, అంతే దాని కథ. కాబట్టి మనం అడగాల్సిన ప్రశ్న బెల్ట్ ఎందుకు అరుస్తోంది అని కాదు, ఎందుకు జారుతోంది అని. మీ మెకానిక్ ఇప్పటిదాకా ఈ రెండో ప్రశ్న అడగలేదని మీ ఉత్తరం చూస్తే తెలుస్తోంది.

ఆల్టర్నేటర్‌ని తిప్పడం ఎంత బరువైన పనో చాలామందికి అందాజు ఉండదు. ఇంజన్ నడుస్తున్నప్పుడు కారు కరెంటు 14 ఓల్టుల చుట్టుపక్కల ఉంటుంది. హెడ్‌లైట్లు, బ్లోయర్, రేడియేటర్ ఫ్యాను, వైపర్లు, పైగా బ్యాటరీ చార్జింగు, అన్నీ కలిపి ఒక 60 ఆంపియర్లు లాగాయనుకోండి, 840 వాట్లు అయింది. ఆల్టర్నేటర్ తనకిచ్చిన శక్తినంతా కరెంటుగా మార్చలేదు, సుమారుగా 60 శాతం అనుకుంటే దాన్ని తిప్పడానికి బెల్ట్ మోయాల్సింది 1400 వాట్లు, అంటే దగ్గర దగ్గర 2 హార్స్ పవర్. ఇదంతా మోసేది వేలి వెడల్పు బెల్ట్! అందులోనూ ఆల్టర్నేటర్ పుల్లీ అన్నిట్లోకి చిన్నది, ఎందుకంటే అది ఇంజన్ కంటే రెండు రెండున్నర రెట్లు వేగంగా తిరగాలి, చిన్న పుల్లీ కాబట్టి బెల్ట్ దాన్ని చుట్టుకునే చోటు తక్కువ, పట్టు తక్కువ, అందుకే జారడం అంటూ మొదలైతే ముందు అక్కడే మొదలవుతుంది.

ఇప్పుడు మీ పొద్దున సంగతికి రండి. రాత్రంతా చల్లబడి రబ్బరు కాస్త గట్టిపడి ఉంటుంది, పైన తేమ పొర, అది కూడా కారణమే కాదనను, వానలో ఎక్కువవడం కూడా అందుకే. కానీ దానికంటే పెద్దది బ్యాటరీ. సెల్ఫ్ కొట్టినప్పుడు బ్యాటరీ నుంచి పోయిన కరెంటుని ఆల్టర్నేటర్ స్టార్ట్ అయిన వెంటనే తిరిగి నింపడం మొదలుపెడుతుంది, బ్యాటరీ బాగుంటే అది ఎంతోసేపు పట్టదు, అదే సగం దిగిపోయిన బ్యాటరీ అయితే ఆ మొదటి నిమిషాల్లో దొరికినంత లాగుతుంది. లాగేకొద్దీ ఆల్టర్నేటర్ బరువెక్కుతుంది, బెల్ట్ జారుతుంది. జారితే ఆల్టర్నేటర్ సరిగ్గా తిరగదు, చార్జింగ్ సగం సగం అవుతుంది, మర్నాడు పొద్దున బ్యాటరీ ఇంకొంచెం దిగి ఉంటుంది, సెల్ఫ్ ఇంకొంచెం బరువుగా తిరుగుతుంది, అరుపు ఇంకొంచెం పెరుగుతుంది. ఈలోపు కొత్త బెల్ట్ ఆ జారుడు వేడికి మెరుపెక్కి గ్లేజ్ అయిపోతుంది, గ్లేజ్ అయిన బెల్ట్‌కి ఇక పట్టు రాదు. మార్చిన వారం బాగుండి తర్వాత మామూలే అన్నారు కదా, దానికి ఈ లెక్క చక్కగా సరిపోతుంది. ఇది కచ్చితంగా ఇదే అని కారు చూడకుండా అనకూడదు, కానీ అన్నిటికంటే ముందు చూడాల్సింది మాత్రం ఇదే, ఖర్చు కూడా దాదాపు ఉండదు.

ఏ బ్యాటరీ షాపులోనైనా, లేదా సెల్ఫ్, డైనమో రిపేర్లు అని బోర్డు ఉన్న ఏ ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరైనా మీటర్ ఉంటుంది. పొద్దున స్టార్ట్ చేయకముందు బ్యాటరీ 12.5, 12.6 ఓల్టులు చూపించాలి, 12.2 కిందకి ఉంటే దిగిపోయినట్టే. ఇంజన్ ఆన్ చేసి లైట్లు, బ్లోయర్ వేసి కాస్త రేస్ ఇస్తే 13.8 నుంచి 14.5 లోపు ఉండాలి, లోడ్ వేయగానే 13 కిందకి పడిపోతుంటే ఆల్టర్నేటర్ అన్నా అందుకోలేకపోతోంది, బెల్ట్ అన్నా జారిపోతోంది. పనిలో పనిగా బ్యాటరీకి లోడ్ టెస్ట్ చేయమనండి, ఉట్టి ఓల్టులు బాగానే చూపించి సెల్ఫ్ కొట్టేసరికి కూలబడే బ్యాటరీలు చాలా ఉంటాయి. బ్యాటరీ మీద కొన్న తేదీ ఉంటుంది, నాలుగైదేళ్లు దాటిందంటే మన ఎండలకి అది ఎక్కువే బతికినట్టు. టెర్మినల్స్ మీద తెల్లగా, పచ్చగా బూజులాగా పట్టి ఉంటే అది కూడా శుభ్రం చేయించండి, కరెంటు సరిగ్గా పారకపోవడానికి ఒక్కోసారి అదొక్కటే చాలు.

ఇక గుర్ర్‌మనే రెండో సౌండ్. దీని గురించి నాకు నిజంగా బెంగగా ఉంది. బెల్ట్ జారుతోంది కదా అని ప్రతిసారీ ఇంకాస్త టైట్ చేసుకుంటూ పోతే ఆ బలమంతా ఆల్టర్నేటర్ ముందు బేరింగ్ మీద, వాటర్ పంపు బేరింగ్ మీద పడుతుంది, అవి ఒక లెక్క ప్రకారం లాగుడు తట్టుకునేట్టు చేసినవి, అంతకు మించి లాగితే గింజలు అరిగిపోతాయి. అరిగిన బేరింగ్ తేలిగ్గా తిరగదు, తేలిగ్గా తిరగకపోతే బెల్ట్ ఇంకా జారుతుంది, మళ్ళీ టైట్ చేస్తారు! మా ఊళ్ళో చేదబావి గిలక కిర్రుమంటే ఇరుసు చూసేవాళ్ళు గానీ చేంతాడు మార్చేవాళ్ళు కాదు, మీ కారుకి ఇప్పటిదాకా జరిగింది మాత్రం చేంతాడు మార్చడమే. మీ మెకానిక్‌ని తప్పు పట్టడానికి చెప్పట్లేదు, పని ఒత్తిడిలో టైట్ చేస్తే అరుపు ఆగుతుంది, కస్టమర్ వెళ్ళిపోతాడు, చాలాచోట్ల ఇదే నడుస్తుంది. కానీ ఇకమీదట మాత్రం ఇంకొంచెం టైట్ చేస్తా మేడమ్ అంటే వద్దని గట్టిగా చెప్పండి.

ఇంట్లోనే మీరు చూసుకోగలిగినవి కొన్ని చెప్తాను, దీంతో మెకానిక్ దగ్గరికి వెళ్ళేసరికి సగం జవాబు మీ చేతిలోనే ఉంటుంది. అయితే దానికి ముందు ఒక్కమాట, ఇంజన్ ఆన్‌లో ఉండగా చీర కొంగు, చున్నీ, మెళ్ళో గొలుసు, జడ, ఇవేవీ బెల్ట్ దరిదాపుల్లోకి రాకూడదు, కొంగు దోపుకుని జడ ముడేసుకుని అప్పుడు బానెట్ ఎత్తండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. రేడియేటర్ ఫ్యాను ఎప్పుడు తిరుగుతుందో చెప్పలేం, కొన్ని కార్లలో తాళం తీసేశాక కూడా తిరుగుతుంది. వెంట మీ వారిని పెట్టుకోండి, సౌండే కదా అన్నారు కాబట్టి ఆయన కూడా వినాలి.

బండి న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్ బ్రేక్ లాగి ఇంజన్ స్టార్ట్ చేయండి. బండి కదలకుండానే అరుస్తోందా, అంటే బ్రేకులవీ చక్రాలవీ కాదు. క్లచ్ తొక్కితే సౌండ్ మారుతోందా, మారితే అది క్లచ్ లేదా గేర్‌బాక్స్ బేరింగ్ వ్యవహారం, బెల్ట్‌ని వదిలేయండి. ఏసీ ఆన్ చేయగానే టక్‌మని కంప్రెసర్ పట్టుకుంటుంది కదా, సరిగ్గా ఆ క్షణంలో అరుపు మొదలైతే ఏసీ బెల్ట్‌ని, కంప్రెసర్‌ని కూడా అనుమానించాలి, ఏసీ ఆపి లైట్లూ బ్లోయరూ మాత్రమే వేసినా అరుస్తుంటే ఆల్టర్నేటర్ వైపు చూడాలి. మీకు రెండిట్లోనూ వస్తోందన్నారు, కాబట్టి విడివిడిగా వేసి ఏది ఎక్కువో చూడండి. పాతరకం ఆయిల్ పవర్ స్టీరింగ్ ఉన్న బళ్ళలో స్టీరింగ్ మొత్తం ఒక పక్కకి తిప్పినప్పుడు అరుస్తుంది, మీది కరెంటు స్టీరింగ్ అయితే దానికి అసలు బెల్టే ఉండదు.

అరుపు రకం కూడా వినండి. పొడుగ్గా కీఈఈచ్ అని సాగుతూ లోడ్ పడితే పెరుగుతుంటే అది జారుడు, లూజు, గ్లేజింగు. పొట్టిగా కిచ్ కిచ్ కిచ్ అని లయగా, ముఖ్యంగా ఐడ్లింగ్‌లో (రేస్ ఇవ్వకుండా ఇంజన్ ఊరికే నడుస్తున్నప్పుడు) వస్తుంటే చాలావరకు పుల్లీలు ఒక లైనులో లేనట్టు. గుర్ర్, గరగర, లేదా సన్నగా వీఈఈ అంటూ రేస్‌తో పాటు పెరిగే సౌండ్ బేరింగ్.

దీన్ని రూఢి చేసుకోవడానికి నీళ్ళ టెస్ట్ ఉంది. బట్టలు ఇస్త్రీ చేసేటప్పుడు వాడే స్ప్రే సీసాలో మంచినీళ్ళు పోసుకుని, ఇంజన్ ఐడ్లింగ్‌లో అరుస్తున్నప్పుడు, దూరంగా నిలబడి, బెల్ట్ గీతలున్న వైపు ఒకటి రెండుసార్లు పిచికారీ చేయండి. చెంబుతో పోయొద్దు, ఆల్టర్నేటర్ మీద కొట్టొద్దు. నీళ్ళు తగలగానే అరుపు పెరిగిందా, పట్టు చాలట్లేదు, జారుతోంది. ఠక్కున ఆగిపోయి కాసేపటికి మళ్ళీ మొదలైందా, లైను తప్పింది. నీళ్ళకీ దానికీ సంబంధమే లేనట్టు ఏ మార్పూ లేకుండా అదే సౌండా, అయితే బేరింగ్. వానలో ఎక్కువవుతోందన్నారు కాబట్టి కీచు సౌండ్‌కి మొదటి జవాబు, గుర్ర్ సౌండ్‌కి మూడో జవాబు వస్తాయని నా అంచనా.

తర్వాత ఇంజన్ ఆపి, తాళం తీసి, చల్లబడ్డాక టార్చ్ వేసి బెల్ట్‌ని చూడండి. పగుళ్ళు లేవు కాబట్టి బాగుందని చాలామంది అనేస్తారు, ఆ మాట పాతకాలం నియోప్రీన్ బెల్ట్‌లకి చెల్లింది. ఇప్పుడొచ్చే ఈపీడీఎం రబ్బరు బెల్ట్‌లు అంత తేలిగ్గా పగలవు, పగలకుండానే గీతల మధ్య రబ్బరు సన్నగా అరిగిపోయి బెల్ట్ పుల్లీ గాడిలో లోతుగా దిగిపోతుంది, అప్పుడు ఎంత టైట్ చేసినా పట్టదు. మీది కొత్త బెల్టే కాబట్టి అరుగుదల ఉండకపోవచ్చు, అయితే అద్దంలా నున్నగా మెరుస్తోందా, అంచు పీచులు పీచులుగా లేస్తోందా, నల్లటి రబ్బరు పొడి చుట్టుపక్కల పడి ఉందా చూడండి. ఒక అంచే అరుగుతుంటే లైను తప్పినట్టు. చేతికి జిడ్డు తగిలితే ఇంజన్ ఆయిల్ పైన ట్యాపెట్ కవర్ (ఇంజన్ పైమూత) ప్యాకింగ్ నుంచో కింద క్రాంక్ ఆయిల్ సీల్ నుంచో కారుతోంది. పచ్చగానో గులాబీ రంగులోనో మరకలు కట్టి కాస్త తియ్యటి వాసన వస్తుంటే అది కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం), వాటర్ పంపు సీల్ పోతూ ఉండొచ్చు, మీ గుర్ర్ సౌండ్‌కి ఇది జత కలిస్తే ఇక ఆలస్యం చేయకండి. ఆయిల్ గానీ కూలెంట్ గానీ నానిన బెల్ట్‌ని తుడిచి వాడుకోలేం, లీకు ఆపకుండా కొత్తది వేసినా అదీ పోతుంది.

పుల్లీ గాడుల్ని కూడా చూడాలి, వీటిని మాత్రం ఎవరూ చూడరు, ఎందుకంటే బెల్ట్ తీస్తేగానీ కనపడవు. సెకండ్ హ్యాండ్ బండి కాబట్టి మీకంటే ముందు నెలల తరబడి ఎక్కడైనా కదలకుండా పడి ఉందేమో తెలీదు, అలా పడి ఉంటే గాడుల్లో తుప్పు పట్టి ఆకురాయిలాగా కొత్త బెల్ట్‌ని గీకేస్తుంది. పైగా మీ వైపు రోడ్లు, పిడుగురాళ్ల వైపు వెళ్తే సున్నపు దుమ్ము, క్రషర్ల దుమ్ము ఎంత లేస్తుందో మీకు నేను చెప్పాలా, ఆ దుమ్ము గాడుల అడుగున గట్టిపడి కూర్చుంటుంది. బెల్ట్ తీసినప్పుడే వైర్ బ్రష్‌తో గాడులు శుభ్రం చేయించండి, పొడి గుడ్డతో తుడిచాకే కొత్తది ఎక్కించాలి. కిరసనాయిలూ పెట్రోలూ ఒక్క చుక్క కూడా బెల్ట్‌కి అంటకూడదు.

ఇక సబ్బు, స్ప్రే. సబ్బు, కొవ్వొత్తి, పౌడరు, సుద్దముక్క, కొబ్బరినూనె, ఇవన్నీ జనం రాయగా నేను చూశాను. సుద్దముక్క, పౌడరు ఆ పూటకి తేమ పీల్చి అరుపు ఆపుతాయి, అంతే, నష్టం తక్కువే గానీ లాభం కూడా లేదు. నూనె జాతివి మాత్రం రబ్బరుని ఉబ్బించి మెత్తబరుస్తాయి, అరుపు ఆగుతుంది ఎందుకంటే జారడం ఇంకా సుఖంగా జరుగుతోంది కాబట్టి, అంటే మనం సమస్యని పెంచి సౌండ్ ఆపినట్టు. తుప్పు వదిలించే స్ప్రే కూడా అదే పని చేస్తుంది. బెల్ట్ డ్రెస్సింగ్ అని డబ్బాల్లో అమ్మే జిగురు స్ప్రే ఉంది చూశారా, అది కొట్టగానే నిశ్శబ్దం, కానీ ఆ జిగురుకి మీ ఊరి దుమ్మంతా అంటుకుంటుంది, నెల తిరిగేసరికి గాడుల నిండా పేస్టు. ఇలాంటి గీతల బెల్ట్‌లకి అది పనికిరాదు, వద్దంటే వద్దు.

మెకానిక్ దగ్గర ఏం చేయించాలో చెప్తాను, పని మొదలయ్యే ముందే చెప్పండి, వీలైతే పక్కనే నిలబడండి. ముందు బెల్ట్ మొత్తం తీసేసి ఇంజన్ ఒక అర నిమిషం నడపమనండి, అంతకంటే ఎక్కువ వద్దు ఎందుకంటే వాటర్ పంపు తిరగదు. సౌండ్లు రెండూ ఆగిపోతే తప్పు ఈ బెల్ట్ తిప్పే వాటిల్లోనే ఉందని తేలిపోయింది, గుర్ర్ ఆగకపోతే అది ఇంజన్ లోపలిదో గేర్‌బాక్స్ వైపుదో, అప్పుడు వేరే కథ. తర్వాత ఇంజన్ ఆపి ఒక్కో పుల్లీని చేత్తో తిప్పి చూడాలి, ఆల్టర్నేటర్, వాటర్ పంపు, ఐడ్లర్ (బెల్ట్‌కి దారి చూపే ఉత్త పుల్లీ) ఉంటే ఐడ్లర్, టెన్షనర్ (బెల్ట్‌ని బిగువుగా పట్టి ఉంచేది) ఉంటే టెన్షనర్. ఇది మీరు కూడా తిప్పి చూడండి, బాగున్న బేరింగ్ చేతికి నున్నగా, మెత్తగా తెలుస్తుంది, పోయినది ఇసుక పోసినట్టు గరగరమని వేళ్ళకి తెలిసిపోతుంది, అటూ ఇటూ ఊపితే లొటలొటమంటుంది. ఇందులో పెద్ద విద్యేం లేదు, వేళ్ళే చెప్తాయి. ఆల్టర్నేటర్ బేరింగ్ పోయిందని తేలితే డైనమో మొత్తం మార్చాలి మేడమ్ అనగానే ఒప్పుకోకండి, డైనమో షాపులో విప్పి బేరింగులు, కార్బన్ బ్రష్‌లు మార్చి బిగిస్తారు, కొత్త ఆల్టర్నేటర్ ధరలో చిన్న ముక్క అవుతుంది. వాటర్ పంపు మాత్రం పోతే పోయినట్టే, మొత్తం మార్చడమే.

లైను కూడా చూడాలి. పుల్లీల ముఖాల మీద స్కేలు ఆనించి చూస్తే 30 సెంటీమీటర్ల దూరానికి ఒకటిన్నర మిల్లీమీటర్ తేడా వచ్చినా అరుపుకి చాలు. ఆల్టర్నేటర్ పట్టుకున్న బోల్టు దగ్గర వాషర్ మర్చిపోయినా, బ్రాకెట్ బుష్ అరిగినా ఆ తేడా వస్తుంది. ఇంకోటి, బెల్ట్ ఎక్కించేటప్పుడు ఒక గాడి తప్పించి కూర్చోబెట్టడం, ఒక గీత బయటికి వేలాడుతూ ఉంటుంది, ఇరుకు చోటు కాబట్టి కంటికి ఆనదు, టార్చ్ వేసి లెక్కపెట్టాల్సిందే.

కొత్త బెల్ట్ కొనాల్సి వస్తే దాని వీపు మీద నంబరు చదవండి. ఉదాహరణకి 4పీకే 875 అని ఉంటే 4 గీతలు, పొడవు 875 మిల్లీమీటర్లు, 6పీకే అంటే 6 గీతలు. గీతకి గీతకి మధ్య 3.56 మిల్లీమీటర్లు, కాబట్టి 6 గీతల బెల్ట్ వెడల్పు 21 మిల్లీమీటర్లు వస్తుంది. మీ కారు మాన్యువల్ ప్రకారమో కంపెనీ పార్టు నంబరు ప్రకారమో ఎంత ఉండాలో అంతే ఉండాలి, దగ్గరదగ్గరగా ఉందిలే అని పొడుగ్గా ఉన్నది వేస్తే అడ్జస్ట్‌మెంట్ బోల్టు చివరికి వచ్చేసినా టైట్ అవకపోవచ్చు. ఇప్పుడు మీ బండిలో బోల్టు చివరికి వచ్చి ఉందేమో చూడమనండి, ఉంటే బెల్ట్ సైజే తప్పయి ఉండొచ్చు. గేట్స్, కాంటిటెక్, ఫెన్నర్ లాంటివి గానీ కంపెనీ పార్టు గానీ తీసుకోండి, బిల్లు తీసుకోండి, నకిలీలు బాగా తిరుగుతున్నాయి. బెల్ట్‌ని మెలిపెట్టి మడిచి కవర్లో కుక్కి తెస్తే తీసుకోవద్దు, లోపలి దారాలు విరుగుతాయి. అన్నట్టు తీసేసిన పాత బెల్ట్ అక్కడ పడెయ్యనివ్వకండి, అడిగి తెచ్చుకోండి, దాని అంచులూ గీతలూ చూస్తే ఏం జరిగిందో సగం తెలుస్తుంది.

టైట్ ఎంత ఉండాలనేది మాన్యువల్లో ఉంటుంది. బోల్టుతో అడ్జస్ట్ చేసే రకం అయితే రెండు పుల్లీల మధ్య పొడుగాటి చోట బొటనవేలితో గట్టిగా నొక్కితే కొద్ది మిల్లీమీటర్లు లోపలికి వెళ్ళాలి, బండికొక లెక్క, వీణ తీగలాగా బిగదీసి ఉండకూడదు. కొత్త బెల్ట్ కాస్త నడిచాక సర్దుకుంటుంది కాబట్టి కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత ఒక్కసారి మళ్ళీ చూపించడం న్యాయమే, ప్రతి నెలా టైట్ చేయాల్సి వస్తుంటే మాత్రం న్యాయం కాదు. స్ప్రింగ్ టెన్షనర్ ఉన్న బళ్ళలో టైట్ చేసే పనే ఉండదు, ఆ టెన్షనరే వదులైపోతే దాన్ని మార్చాలి. ఇంకొన్ని కార్లలో టెన్షనర్ లేకుండా సాగే బెల్ట్ ఉంటుంది, దాన్ని స్క్రూడ్రైవర్‌తో లాగి ఎక్కిస్తే ఆ రోజే పాడైపోతుంది, దానికి టూల్ ఉండాలి. డీజిల్ బండి ఉన్నవాళ్ళు చదువుతుంటే వాళ్ళకి ఒక్కమాట, మీ ఆల్టర్నేటర్ పుల్లీ చాలా బళ్ళలో ఒక వైపే పట్టే రకం, అది బిగుసుకుపోయినా బెల్ట్ అదురుతూ అరుస్తుంది, ముందు అది చూపించండి.

మీ వారికి చెప్పండి, అన్నయ్య గారూ, ఇది సౌండ్ మాత్రమే కాదు. బెల్ట్ తెగితే మొదట బ్యాటరీ బొమ్మ ఉన్న ఎర్ర లైటు వెలుగుతుంది, అక్కడితో ఆగితే పర్లేదు, కాసేపు బ్యాటరీ మీద నడుస్తుంది. కానీ వాటర్ పంపు కూడా ఆ బెల్ట్ మీదే ఉన్న బండి అయితే కూలెంట్ తిరగడం ఆగిపోతుంది, నిమిషాల్లో ఇంజన్ వేడెక్కుతుంది, పక్క ఊరిదాకా పోదాంలే అని నడిపితే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పైభాగం కింద ఉండే ప్యాకింగ్) పోతుంది, హెడ్ అనే ఆ పైభాగం వంకర తిరుగుతుంది, అప్పుడు ఖర్చు వందల్లో ఉండదు. బెల్ట్ ఖరీదు చూస్తే చిన్న కార్లకి కొన్ని వందల నుంచి ఒకటి రెండు వేల లోపే. మీ బండిలో వాటర్ పంపు ఏ బెల్ట్ మీద ఉందో ఈసారి మెకానిక్‌ని అడిగి తెలుసుకోండి, ఇది తెలిసి ఉండటం చాలా అవసరం.

ఇక శ్రీశైలం. ఇప్పుడున్న పరిస్థితిలో అయితే వద్దండీ. వినుకొండ దాటి దోర్నాల దాకా ఎక్కడో ఒకచోట మెకానిక్ దొరుకుతాడు, దోర్నాల దాటాక నల్లమల ఘాట్ రోడ్డు, మలుపులు, ఎక్కుడు, ఏసీ వేసుకుని నిండా మనుషులతో రెండో గేర్లో ఎక్కుతుంటే ఇంజన్ మీదా బెల్ట్ మీదా లోడ్ ఎక్కువ, ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, రాత్రిళ్ళు అడవి గేట్లు వేసేస్తారు. అక్కడ గుర్ర్ అంటున్న బేరింగ్ పట్టేసి బెల్ట్ తెగితే పిల్లలతో అడవిలో కూర్చోవాలి. నెల టైము ఉంది కదా, ఈ వారం బ్యాటరీ, చార్జింగు చెక్ చేయించండి, వచ్చే ఆదివారం బెల్ట్ తీయించి బేరింగులు చూపించండి, ఏది పోతే అది మార్పించి, ఆ తర్వాత కనీసం ఒక రెండు వారాలు మీ స్కూలుకి నడపండి. వాన పడిన పొద్దున కూడా అరవకుండా స్టార్ట్ అయితే నిశ్చింతగా వెళ్ళిరండి, డిక్కీలో సరైన నంబరు బెల్ట్ ఒకటి, దాన్ని బిగించే స్పానర్లు పెట్టుకోండి, ఘాట్‌లో టెంపరేచర్ మీద ఒక కన్నేసి ఉంచండి. ఎర్ర లైటు వెలిగినా, వేడి ముల్లు పైకి లేచినా బండి పక్కకి తీసి ఆపేయండి, రేడియేటర్ మూత మాత్రం చల్లారేదాకా ముట్టుకోవద్దు.

ఈలోపు స్కూలుకి వెళ్ళడం గురించి అడగలేదు గానీ చెప్తాను, పగటిపూట ఆ ఇరవై కిలోమీటర్లు ఏసీ వేయకుండా నడుపుకోవచ్చు, గుర్ర్ సౌండ్ పెరిగినా, కాలిన రబ్బరు వాసన వచ్చినా ఆ రోజు బస్సే. మీటర్ మీద నంబర్లు ఎంత వచ్చాయో, నీళ్ళ టెస్ట్‌లో అరుపు పెరిగిందో ఆగిందో, ఏ పుల్లీ చేతికి గరగరమందో రాసుకుని నాకు పంపండి, బండి మోడలు, సంవత్సరం కూడా రాయండి, అప్పుడు ఇంకా కచ్చితంగా చెప్పగలను.